కోస్తే రెట్టింపయ్యే మచ్చ

ప్రశ్న: నా వయసు 29. గాజువాకలో ఉంటాను, ప్రైవేటు బడిలో లెక్కల టీచరును. రెండున్నరేళ్ళ కిందట గుండెలో రంధ్రం మూయడానికి ఛాతీ మధ్య ఎముక తెరిచి ఆపరేషన్ చేశారు. గుండె బాగుంది, కుట్లు కూడా చక్కగా మానాయి. నాలుగో నెల నుంచి మాత్రం కోసిన చోట మచ్చ ఉబ్బడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి చిటికెన వేలంత లావైంది. ఒక క్లినిక్‌లో లేజరుతో ఒక్క పూటలో తీసేస్తామంటే తీయించుకున్నాను. ఎనిమిది నెలలు తిరక్కుండానే అంతకు రెట్టింపై, రెండు పక్కలకూ రెక్కలు చాచింది. రాత్రిపూట చీమలు పాకినట్లు దురద. జాకెట్టు తగిలినా, పుస్తెలతాడు ఆనినా సూదులు గుచ్చినట్లు నొప్పి. అదే వార్డులో అదే ఆపరేషన్ చేయించుకున్న మరో అమ్మాయికి సన్నని గీత తప్ప ఏమీ లేదు. మా అమ్మకు చెవి వెనక గచ్చకాయంత గడ్డ ఉంది, అది కూడా ఇదేనా? ఒక డాక్టరు ఇంజెక్షన్లు చేయాలంటున్నారు, మరొకరు మళ్ళీ కోసి కరెంటు పెట్టాలంటున్నారు. ఇది క్యాన్సరా? పలాసలో ఉన్న మేనత్త జీడిపిక్కల నూనె రాయమంటోంది. రెండేళ్ళుగా వంకాయ, చేపలు, గుడ్డు మానేశాను. ఈ ఏడాది పిల్లల కోసం అనుకుంటున్నాం. మా అక్క కూతురికి శ్రావణంలో చెవులు కుట్టిస్తామంటున్నారు, అదీ భయంగానే ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: అమ్మా, మీరు అడిగినవాటిలో అన్నిటికంటే తేలికైనదానికి ముందు జవాబు చెబుతాను. వంకాయ తినండి. వంజరం తినండి, గుడ్డు తినండి. పప్పు తింటే చీము పడుతుందనీ, వంకాయ తింటే దురద లేస్తుందనీ కుట్లు పడినవాళ్ళకు మన ఇళ్ళలో పథ్యం పెట్టడం మామూలే. కానీ ఈ మచ్చకూ మీ కంచానికీ సంబంధం లేదు. విశాఖలో ఉంటూ రెండేళ్ళు చేప ముట్టలేదంటే నాకు నిజంగానే జాలి వేసింది.

ఇక అసలు సంగతి. మీ వర్ణనను బట్టి ఇది కెలాయిడ్. మనిషిని చూడకుండా ఉత్తరం మీద రోగం పేరు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అయినా లెక్కల టీచరు కాబట్టి కావలసిన ఆధారాలన్నీ మీరే వరసగా పేర్చి పెట్టారు. గాయం మానిన కొన్ని నెలలకు మొదలవడం, కోసిన గీత దాటి పక్కనున్న మంచి చర్మంలోకి పాకడం, ఏళ్ళు గడిచినా తగ్గుముఖం పట్టకపోవడం, దురద, కోస్తే ఇంకా పెరగడం, అమ్మ చెవికి గడ్డ. అవును, అమ్మ చెవి వెనక ఉన్నదీ చాలావరకు ఇదే అయి ఉంటుంది. వీటన్నిటిలో గీత దాటడమే గట్టి గుర్తు. ఉబ్బిన ప్రతి మచ్చా కెలాయిడ్ కాదు. కోత హద్దులోనే ఉబ్బి అక్కడే ఆగేదాన్ని హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు. అది గాయం మానిన నెల, రెండు నెలల్లోనే లేస్తుంది, ఏడాది రెండేళ్ళలో చాలావరకు దానంతట అదే అణుగుతుంది. అది గట్టు దాటని నీరు. కెలాయిడ్ పక్కవాడి పొలంలోకి దిగే నీరు.

క్యాన్సర్ కాదు. కెలాయిడ్ క్యాన్సర్‌గా మారదు కూడా. అలా అనుమానించిన మొదటి మనిషి మీరేమీ కాదు. పందొమ్మిదో శతాబ్ది మొదట్లో, పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో అలిబేర్ అనే వైద్యుడు ఈ జబ్బును వర్ణించినప్పుడు దానికి క్యాన్సర్‌ను గుర్తుచేసే పేరే పెట్టాడు. దాంతో పొరబాటు పడతారని తరవాత తానే మార్చుకున్నాడు. గ్రీకు భాషలో పీత డెక్కను ఖేలే అంటారు, కెలాయిడ్ అన్నది ఆ మాట నుంచి వచ్చిందే. మచ్చ అంచుల నుంచి పక్కలకు సాగే కొమ్మల్ని చూసి పెట్టిన పేరు. మీరు రెక్కలన్నారు, ఆయన డెక్కలన్నాడు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. చర్మంలో పుట్టే ఒక అరుదైన క్యాన్సర్ కెలాయిడ్ వేషంలో కనిపించి డాక్టర్లను కూడా మోసం చేస్తుంది. అందుకే లేజరుతో తీసిన ముక్కను పరీక్షకు పంపారా అని ఆ క్లినిక్‌ను అడగండి, రిపోర్టు ఉంటే తీసుకోండి. పంపకపోతే కంగారు పడాల్సిన పని లేదు. మచ్చ పుండు పడినా, రక్తం కారినా, ఒక పక్క మాత్రమే గడ్డలా వేగంగా పెరిగినా చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. అలాగే ఎప్పుడైనా చీము కారితే చర్మ వైద్యుడి కంటే ముందు గుండె ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించండి. కోసిన ఎముకను స్టీలు తీగలతో బిగిస్తారు. చీము మచ్చలో ఇరుక్కున్న వెంట్రుక కుదుళ్ళ నుంచి వస్తున్నదా, లోపలి తీగ దగ్గర నుంచా అన్నది ఆయనే తేల్చాలి.

మరి ఆ అమ్మాయికి రానిది మీకెందుకు వచ్చింది? గాయం పడగానే చర్మంలోని ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొల్లాజెన్ పీచును నేసి తెగిన చోటును పూడుస్తాయి. పూడ్చాక పని ఆపమని వాటికి కబురు అందాలి. కెలాయిడ్ వచ్చే తత్వం ఉన్నవాళ్ళలో ఆ కబురు అందదు, మగ్గం ఆడుతూనే ఉంటుంది. ఆ నేత కూడా పొందూరు బట్టలా వరసగా ఉండదు, చిక్కుపడ్డ పీచులా ముద్ద కడుతుంది. ఈ తత్వం కుటుంబాల్లో దిగుతుంది. మీకు అమ్మ వైపు నుంచి దిగింది. తెల్ల చర్మం వాళ్ళకంటే రంగు ఎక్కువున్న చర్మంలోనూ, వయసును బట్టి చూస్తే పదికీ ముప్పైకీ మధ్యనూ ఎక్కువ.

దానికి తోడు చోటు. ఛాతీ మధ్య, భుజాలు, వీపు పైభాగం, దవడ అంచు, చెవి తమ్మె – ఇవి కెలాయిడ్‌కు ఇష్టమైన స్థలాలు. కనురెప్పల మీద, అరచేతుల్లో, అరికాళ్ళలో అది దాదాపు రాదు. ఛాతీ చర్మాన్ని ఇరుపక్కల కండరాలూ అడ్డంగా లాగుతూనే ఉంటాయి. బ్లాక్‌బోర్డు మీద రాయడానికి చెయ్యి ఎత్తినా, సిటీ బస్సులో కడ్డీ పట్టుకున్నా, ఊపిరి గట్టిగా పీల్చినా ఆ లాగుడు మచ్చ మీద పడుతుంది. రెక్కలు పైకీ కిందికీ కాకుండా పక్కలకే చాచుకోవడం అందువల్లే. సర్జన్ కుట్లు సరిగా వేయలేదని తిట్టుకోవద్దు. ఎంత చెయ్యి తిరిగినవాడు వేసినా మీ చర్మం ఇదే చేసి ఉండేది.

తప్పు జరిగింది రెండో కోతలో. లేజరంటే చాలామంది ఏదో వెలుతురు చూపించి మచ్చను మాయం చేస్తారనుకుంటారు. తీసేయడానికి వాడే లేజరు కూడా ఒక రకం కత్తే. గాయం గాయమే, ఫైబ్రోబ్లాస్టులకు మళ్ళీ పండగే. కెలాయిడ్‌ను కోసి ఊరుకుంటే తిరిగి వచ్చే అవకాశం 45 నుంచి 100 శాతం అని వైద్య గ్రంథాలు చెబుతాయి. తిరిగి వచ్చినప్పుడు చాలాసార్లు పాతదాని కంటే పెద్దదిగానే వస్తుంది, మీకు జరిగినట్లే. ‘ఒక్క పూటలో’ అనే మాట ఈ జబ్బు విషయంలో ఎవరి నోట విన్నా లేచి వచ్చేయండి. కోయడం తప్పని నేను అనడం లేదు. కోసిన మర్నాటి నుంచి ఏం చేయాలో కోయకముందే సిద్ధం చేసుకోకుండా కోయడం తప్పు.

మీకు చెప్పిన ఇద్దరు డాక్టర్లలో నేను మొదటి డాక్టరు పక్షం. ఈ పరిస్థితిలో ముందు చేయవలసింది మచ్చలోకి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. మందుల షాపులో కెనకార్ట్ అంటే ఎవరైనా ఇస్తారు. 1960ల నుంచి ఈ పనికి వాడుతున్న పాత మందు, ఖరీదైనది కాదు. షాపులో దొరుకుతుంది కదా అని తెలిసిన కాంపౌండరు చేత మాత్రం పొడిపించుకోవద్దు. ఎందుకో చెబుతాను.

మీ మచ్చ చెప్పుతోలంత గట్టిగా ఉంటుంది. అది మందును లోపలికి వెళ్ళనివ్వదు. మామూలు సిరంజీ అయితే ఆ ఒత్తిడికి సూది ఊడి మందు మొహాన చిమ్ముతుంది, అందుకని సూది మర బిగించి ఉండే సిరంజీ వాడతాం. సన్నని సూదిని పక్క నుంచి పడుకోబెట్టినట్లు గుచ్చి, బొటనవేలు నొప్పి పుట్టేలా నెడితే చుక్కచుక్కగా ఎక్కుతుంది. ఎక్కిన మేర ఎర్రటి మచ్చ పాలిపోయి తెల్లబడుతుంది. ఆ తెలుపే మందు సరైన చోట పడిందనడానికి గుర్తు. నెట్టగానే సులువుగా వెళ్ళిపోయిందంటే సంతోషించకూడదు. సూది మచ్చను దాటి కింది కొవ్వులోకి దిగిందన్నమాట. అక్కడ పడిన స్టెరాయిడ్ మచ్చను వదిలేసి కొవ్వును కరిగిస్తుంది, గుంట పడుతుంది. ఈ తేడా చేతికి తెలియాలి, తెలియడానికి అలవాటు ఉండాలి.

నొప్పి ఉంటుంది, దాచను. మొదటి విడత అన్నిటికంటే కష్టం. గంట ముందు తిమ్మిరి క్రీము రాసి పైన పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టుకోవడం, గుచ్చే ముందు ఐసు పెట్టించుకోవడం, మందులోనే మత్తుమందు కలపమని అడగడం – ఈ మూడూ కలిస్తే ఓర్చుకోగలిగేంతకు వస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలకొక విడత. మందు గాఢత మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. మీలాంటి గట్టి మచ్చకు 40 వాడతారు. నేనైతే ఒక విడతలో మొత్తం 40 మిల్లీగ్రాములు దాటను. మచ్చ పెద్దది కాబట్టి ఒకసారి పై సగం, మరోసారి కింది సగం అని పంచుకోవలసి రావచ్చు. మొదట తగ్గేది దురద. ఒకటి రెండు విడతలకే రాత్రి నిద్ర పడుతుంది. తరవాత మచ్చ మెత్తబడుతుంది, రెండో విడతలో డాక్టరు బొటనవేలికే ఆ తేడా తెలుస్తుంది. చదును కావడం చివర. అది నెలల మీద జరిగే పని.

ఇబ్బందులు లేకపోలేదు. చుట్టుపక్కల చర్మం పలచబడి తెల్లబారవచ్చు, సన్నని ఎర్రని నరాలు తేలవచ్చు. చాలావరకు నెమ్మదిగా సర్దుకుంటాయి. షుగరు ఉన్నవాళ్ళకు కొన్ని రోజులు పెరుగుతుంది. ఆడవాళ్ళకు ముఖ్యంగా చెప్పవలసినదీ, చాలామంది చెప్పడం మరచిపోయేదీ ఒకటుంది. ఈ ఇంజెక్షన్ తరవాత నెలసరి తారుమారు కావచ్చు, ముందే రావచ్చు, మధ్యలో మరకలు కనిపించవచ్చు. పిల్లల కోసం రోజులు లెక్కపెట్టుకునే సమయంలో తెలియకుండా ఇది జరిగితే ఎంత కంగారో మీకు వేరే చెప్పనక్కరలేదు.

స్టెరాయిడ్ ఒక్కటే లొంగదీయలేనప్పుడు దానితోపాటు 5–ఎఫ్‌యు అనే మందు కలుపుతారు. ఫ్లోరోయురాసిల్ పూర్తి పేరు. క్యాన్సర్‌కు వాడే మందే, కానీ ఇక్కడ చాలా కొద్ది మోతాదులో, మచ్చ వరకే. రెండూ కలిస్తే స్టెరాయిడ్ ఒక్కదానికంటే బాగా పనిచేస్తుంది, చర్మం పలచబడటం కూడా తక్కువ. అయితే గర్భానికి అది పనికిరాదు. ఆపిన తరవాత కూడా కొన్ని నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. కాబట్టి ఈ ఏడాది మీకు ఆ మందు వద్దని నా అభిప్రాయం. మీరు చెప్పకపోతే డాక్టరుకు తెలియదు, అడగకపోతే కలిపేయవచ్చు. పిల్లల కోసం అనుకుంటున్నామని మొదటి రోజే చెప్పండి. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది. మైనస్ 196 డిగ్రీల చలి. చిన్న కెలాయిడ్లకు మంచిదే కానీ మన రంగు చర్మం మీద తెల్లని మచ్చ మిగులుస్తుంది. మీ మచ్చంత పెద్దదానికి నేను సూచించను.

ఇప్పుడు రెండో డాక్టరు మాట. ‘కరెంటు పెట్టడం’, అంటే రేడియేషన్ ఇవ్వడం, అనగానే ఇంట్లో అందరికీ గుండె జారుతుంది, ఆ గది క్యాన్సర్ రోగులు కూర్చునే వరండాలోనే ఉంటుంది కాబట్టి. ఆ డాక్టరు చెప్పింది తప్పు కాదు, మొండి కెలాయిడ్లకు ఉన్న గట్టి పద్ధతుల్లో అదొకటి. కెలాయిడ్‌ను కోసి, ఒకటి రెండు రోజుల్లోనే, అంటే ఫైబ్రోబ్లాస్టులు పనిలోకి దిగకముందే, ఆ కోత మీద పైపైన రేడియేషన్ మొదలుపెడతారు. మూడు నాలుగు విడతల్లో అయిపోతుంది. లోపలికి ఎక్కువ దూరం దిగని కిరణాలే వాడతారు. కోసి ఊరుకోవడంతో పోలిస్తే తిరిగి వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. దానివల్ల తరవాత క్యాన్సర్ రావడం చాలా చాలా అరుదు. కానీ మీ వయసు 29, మచ్చకు రెండు పక్కలా ఉన్నది రొమ్ము, కింద ఉన్నది ఈమధ్యే బాగుచేసిన గుండె, మనసులో ఉన్నది గర్భం. ఈ నాలుగూ చూస్తే అది చివరి అస్త్రంగా దాచుకోవలసినదే. ఇంజెక్షన్లు ఆరు నెలలు సరిగా చేయించుకున్నాక కూడా లొంగకపోతే, కాన్పు అయ్యాక, దాని గురించి మాట్లాడుకోవచ్చు. గర్భం ఉన్నప్పుడు అసలు కుదరదు.

పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. కెలాయిడ్ వల్ల గర్భానికి గానీ బిడ్డకు గానీ ఏ హానీ లేదు. గర్భం వల్ల కెలాయిడ్‌కు మాత్రం ఊపు రావచ్చు, ఆ నెలల్లో పెరగడం, దురద ఎక్కువ కావడం చూస్తుంటాం. నేనైతే ముందు ఆరు నెలలు ఇంజెక్షన్లకు కేటాయించి, ఆ కాలంలో జాగ్రత్త పడి, మచ్చ నెమ్మదించాక గర్భం కోసం ప్రయత్నించమంటాను. ఆరు నెలలు ఆగలేమనుకుంటే అదీ తప్పు కాదు. ఇంజెక్షన్లు వాయిదా వేసుకుని, సిలికోన్‌తో నెట్టుకురావచ్చు. ఏది ఎంచుకున్నా గుండె డాక్టరును ఒకసారి కలిసి గర్భానికి సరేననిపించుకోండి. కాన్పు డాక్టరుకు మీ ఛాతీ మచ్చను చూపించండి. దానివల్ల సిజేరియన్ చేయాల్సిన పని లేదు. ఒకవేళ సిజేరియన్ తప్పకపోతే, పొత్తికడుపు కింద అడ్డంగా కోసి చర్మం మీద లాగుడు పడకుండా కుట్టడం, కుట్లు పూర్తిగా మానగానే సిలికోన్ మొదలుపెట్టడం, గీత ఉబ్బినట్లు అనిపించిన మొదటి నెలలోనే ఇంజెక్షన్ చేయడం – ఇవన్నీ ముందే అనుకుని ఉంచుకోవాలి. కొత్త కెలాయిడ్ చిన్నగా ఉన్నప్పుడు లొంగినంత తేలికగా ముదిరాక లొంగదు.

సిలికోన్ అన్నాను కదా. మెత్తని జిగురు రేకు, మచ్చ మీద అతికించుకునేది. రోజుకు కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలు తగ్గకుండా వాడాలి. మీ మచ్చను అదొక్కటే చదును చేయలేదు. దురద తగ్గిస్తుంది, ఇంజెక్షన్లతో అణిగిన మచ్చ మళ్ళీ లేవకుండా కాపలా కాస్తుంది. విశాఖలో దీనికొక చిక్కుంది. చలి ఊళ్ళవాళ్ళు అట్ట మీద రాసినట్లు 24 గంటలూ పెట్టుకోగలరేమో కానీ, మే నెల సముద్రపు ఉక్కలో మధ్యాహ్నం రెండింటికి ఆ రేకు కింద చెమట గుంట కడుతుంది. చెమటకాయలు లేస్తాయి, దురద తగ్గకపోగా పెరుగుతుంది, వారంలో విసుగొచ్చి మూల పడేస్తారు. మీరు మొదటి వారం రాత్రి నాలుగు గంటలతో మొదలుపెట్టండి. చర్మం ఓర్చుకుంటే పెంచండి. పగలు బడిలో ఉన్నప్పుడు రేకు బదులు సిలికోన్ జెల్ పలుచగా రాసి ఆరనివ్వండి, రాత్రి ఫ్యాను కింద రేకు. రోజూ మామూలు సబ్బుతో రేకునూ మచ్చనూ కడిగి, పూర్తిగా ఆరాకే మళ్ళీ అతికించాలి. తువ్వాలుతో తుడిస్తే నూలుపోగులు అంటుకుని రేకు జిగురు పోతుంది, గాలికే ఆరనివ్వండి.

పుస్తెలతాడు గురించి మీరు మొహమాటపడుతూ ఒక్క ముక్క రాశారు, కానీ అది చిన్న సంగతి కాదు. కదిలినప్పుడల్లా ఆ బరువు మచ్చ మీద ఒరుసుకుంటుంది. ఒరిపిడి కెలాయిడ్‌కు మేత. గొలుసును జాకెట్టు లోపల కాకుండా పైన వేసుకోండి, లేదా పుస్తెలు మచ్చ కిందికి దిగేలా పొడుగు చేయించుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పడం కష్టమనిపిస్తే డాక్టరు రాసిన చీటీ చూపించండి. జాకెట్టు ముందు హుక్కుల పట్టీ సరిగ్గా మచ్చ మీదే పడుతుంది. వెనక హుక్కులు పెట్టించుకోండి, లోపల మెత్తని నూలు అస్తరు వేయమనండి. దర్జీకి చెబితే పది నిమిషాల పని. రాత్రి దురద లేచినప్పుడు గోళ్ళకు బదులు గుడ్డలో చుట్టిన ఐసు ముక్క పెట్టండి.

మేనత్తగారి జీడిపిక్కల నూనె మాత్రం ఇంట్లోకి రానివ్వవద్దు. పలాసవాళ్ళకు దాని సంగతి మనకంటే బాగా తెలుసు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు వేళ్ళకు బూడిదో నూనో పూసుకునేది ఆ పసరు తగిలితే చర్మం పొక్కిపోతుందనే కదా. కెలాయిడ్ మీద రాస్తే పైతోలు కాలి ఊడుతుంది, రెండు రోజులు మచ్చ తగ్గినట్లే ఉంటుంది. కాలిన ప్రతి చోటా కొత్త గాయం, కొత్త కెలాయిడ్. సున్నం, నల్లజీడి, యాసిడ్ వంటివన్నీ ఇదే కోవ. విటమిన్–ఇ నూనె హాని చేయకపోయినా మేలు చేస్తుందన్న రుజువు లేదు, కొందరికి దద్దుర్లు తెస్తుంది.

చికిత్స అంతా సవ్యంగా జరిగితే మీకు మిగిలేది ఏమిటో కూడా చెప్పాలి. మచ్చ మాయం కాదు. అణిగి, మెత్తబడి, నొప్పి దురదా పోయి, చుట్టుపక్కల చర్మం కంటే కొంచెం వేరే రంగులో ఒక పట్టీలా మిగులుతుంది. చదునైన కెలాయిడ్లలో కొన్ని మళ్ళీ లేస్తాయి, అందుకని ఇంజెక్షన్లు ఆగాక కూడా రెండేళ్ళపాటు మూడు నెలలకోసారి చూపించుకోవాలి. తగ్గుతున్నదీ లేనిదీ అద్దంలో చూస్తే తెలియదు, రోజూ చూసే కంటికి మార్పు ఆనదు. పుస్తకాలకు అట్ట వేసే పారదర్శకపు ప్లాస్టిక్ కాగితం ముక్కను మచ్చ మీద పరచి, పెన్నుతో అంచు గీసి, తేదీ వేసి దాచండి. నెలకొకటి. ఆ కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకుంటే పెరిగిందో తగ్గిందో మీకే కనిపిస్తుంది. వైశాల్యం కట్టడం మీకు నేను నేర్పక్కరలేదు.

ఇక ఎక్కడికి వెళ్ళాలంటే, నా మాట కేజీహెచ్, అంటే విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి. 1923 నుంచి ఉన్న ఆసుపత్రి, క్యూ పొడుగే, పొద్దున్నే వెళ్ళాలి, ఆ రోజుకు బడికి సెలవు పెట్టుకోవాల్సిందే. అయినా చర్మ విభాగం, ప్లాస్టిక్ సర్జరీ, రేడియేషన్ మూడూ ఒకే ఆవరణలో ఉండటం ఈ జబ్బుకు పెద్ద సౌకర్యం. రేపు కోత, కరెంటు దాకా వెళ్ళవలసి వచ్చినా ముగ్గురు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరు. ప్రైవేటులో చూపించుకుంటే మచ్చలోకి ఇంజెక్షన్లు తరచుగా చేసే చర్మ వైద్యుడినే ఎంచుకోండి. గుండె ఆపరేషన్ డిశ్చార్జి కాగితాలు, లేజరు క్లినిక్ చీటీలు, ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు పట్టుకెళ్ళండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే తప్పక చెప్పండి, ఇంజెక్షన్ కోసమని మీకు మీరే ఆపవద్దు.

అమ్మ చెవి గడ్డ ఆమెను బాధపెట్టకపోతే అలాగే ఉండనివ్వండి. తీయించుకోవాలనుకుంటే ఛాతీ కంటే చెవి చాలా నయం. తమ్మెకు రెండు వైపుల నుంచీ బిగించే నొక్కుడు కమ్మలు దొరుకుతాయి. తీసిన తరవాత ఇంజెక్షన్లతోపాటు వాటిని నెలల తరబడి పెట్టుకుంటే మళ్ళీ రాకుండా చాలామందికి ఆగుతుంది.

ఇక మీ అక్క కూతురు. అమ్మమ్మకూ పిన్నికీ ఉంది కాబట్టి పాపకూ ఆ తత్వం ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇప్పుడే తెలుసుకునే పరీక్ష లేదు. కుట్టించకపోవడం అన్నిటికంటే క్షేమం. కానీ ఆడపిల్లకు బోసి చెవులా అని ఇల్లంతా కూర్చుంటుందని నాకూ తెలుసు. అలాంటప్పుడు ఇది గుర్తుంచుకోండి: పదకొండేళ్ళు దాటాక కుట్టించుకున్నవాళ్ళకంటే చిన్నప్పుడే కుట్టించుకున్నవాళ్ళలో కెలాయిడ్ తక్కువ. కుట్టించి తీరాలంటే పెద్దయ్యాక చూద్దామని వాయిదా వేయడం కంటే శ్రావణమే మేలు. తమ్మెకు ఒక్కొక్క పోటు, శుభ్రమైన సూదితో. చీము పట్టకుండా చూసుకోండి, ఏడాదిపాటు చెవి వెనక వేలితో తడుముతూ ఉండండి. శనగగింజంత గట్టిగా తగిలితే పోగు తీసి వెంటనే చూపించండి. పెద్దయ్యాక చెవి పైన మెత్తటి ఎముకకూ, ముక్కుకూ కుట్టించుకుంటానని అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు.